పర్యావరణ లాయరు ఎం.సి. మెహతా కేసులన్నీ గెలిచారు సరే, గంగ ఎందుకు మారలేదు?

కొత్తకోటు
ఈమధ్యే లాయరుగా ఎన్‌రోల్ అయ్యాను. పర్యావరణ కేసులు చేయాలని ఉందని సీనియర్ గారితో అంటే ఆఫీసులో గుమాస్తాతో సహా అందరూ నవ్వారు. "మెహతా గారు 1984లో మొదలుపెట్టారు. కాన్పూర్ దగ్గర గంగలో ఓ గ్లాసుడు నీళ్ళు తాగి వచ్చి అప్పుడు మాట్లాడు" అన్నారాయన. నా దగ్గర సమాధానం లేదు. తాజ్‌మహల్, గంగ, ఢిల్లీ గాలి... మూడూ ఆయన గెలిచిన కేసులే. మూడింటి గురించీ ఇప్పటికీ అవే వార్తలు. ఓడిపోయి ఉంటే ఒక లెక్క. మెగసెసే వచ్చింది, పద్మశ్రీ వచ్చింది, పాఠ్యపుస్తకాల్లో పేరు వచ్చింది. నదికి ఏం వచ్చింది? పొగడ్తలు వద్దు, తెలిసినవాళ్ళు సూటిగా చెప్పండి.

బ్యాక్‌లాగ్_బాబు
ఆయన వల్ల నాకొచ్చిన లాభం చెప్తాను. లా పరీక్షలో ఏ పర్యావరణ ప్రశ్న వచ్చినా "ఎం.సి. మెహతా వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా" అని రాసేస్తే చాలు. ఏదో ఒకటి తగులుతుంది. సంవత్సరం మాత్రం రాయకూడదు, రాస్తే దొరికిపోతాం.

మూడో_కోర్టు_హాలు
@బ్యాక్‌లాగ్_బాబు నవ్వులాటకి అన్నా అది నిజమే. ఆయన వేరేవాళ్ళ తరఫున వకాల్తా వేసిన లాయరుగా మాత్రమే కాదు, చాలా కేసుల్లో తనే పిటిషనర్. అందుకే అన్నిటికీ ఒకే పేరు. క్లయింట్ ఉంటే రాజీ పడతాడు, విసిగిపోతాడు, ఊరు మారతాడు. తనే పిటిషనర్ అయితే కేసు వదిలేసే దారి ఉండదు. పెద్ద సమాధానం సాయంత్రం రాస్తాను, ఇప్పుడు వాయిదా ఉంది.

పద్మజ_డిగ్రీ_కాలేజీ
డిగ్రీలో అందరూ తిట్టుకుంటూ రాసే ఈవీఎస్ పేపర్ కూడా ఆయన చలవే. 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం అది. బడుల్లో, కాలేజీల్లో పర్యావరణం తప్పనిసరి సబ్జెక్టు చేయమంది. సినిమా హాళ్ళలో ఆటకి ముందు స్లైడ్లు వేయమంది, రేడియో, టీవీల్లో రోజూ కాసేపు చెప్పమంది. పుస్తకాలు రావడానికి ఇంకో పన్నెండేళ్ళు పట్టింది. అమలు కావట్లేదని ఆయన మళ్ళీ మళ్ళీ కోర్టుకి వెళ్తే 2003లో సిలబస్ ఖరారైంది.

బ్యాక్‌లాగ్_బాబు
ఆ పేపర్ రెండుసార్లు తన్నేసింది నాకు. ఇన్నాళ్ళకి ముద్దాయి దొరికాడు.

ఢిల్లీ_తెలుగోడు
గాలి సంగతి నేను చెప్తాను, పాతికేళ్ళకి పైగా ఇక్కడే ఉంటున్నా. వాహనాల పొగ మీద మెహతా గారు 1985లో పిటిషన్ వేశారు. 1998 జులైలో కోర్టు బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలంది, గడువు 2001 మార్చి 31. ఆ ఏప్రిల్‌లో ఇక్కడున్నవాళ్ళకి తెలుసు ఆ గోల. బస్సులు లేవు, ఆటోలన్నీ గ్యాస్ పంపుల దగ్గర కిలోమీటర్ల కొద్దీ లైన్లో. డ్రైవర్లు లైన్లోనే పడుకుని, అక్కడే తినేవాళ్ళు. మేమందరం కోర్టుని తిట్టినవాళ్ళమే. చివరికి 2002 ఏప్రిల్‌లో, మారని డీజిల్ బస్సు ఒక్కోదానికి రోజుకి 500 రూపాయలు, నెల దాటితే 1000 కట్టమని జరిమానా వేస్తే గానీ దారికి రాలేదు. అప్పటిదాకా బస్సు వెనకాల బండి నడిపితే తెల్ల చొక్కా మెడ దగ్గర నల్లగా జిడ్డు పట్టేది. అది పోయింది. అది మాత్రం నిజంగా పోయింది.

కెమిస్ట్రీ_మాస్టారు
@ఢిల్లీ_తెలుగోడు పోయిందన్నది ఆ నల్లపొగ. ఇప్పటి సమస్య పీఎం 2.5. కంటికి కనపడని సన్న ధూళి. బస్సులు మారాయి గానీ తర్వాత వచ్చిన కార్లు, లారీలు, భవనాల దుమ్ము, పంట కాల్పులు, ఇటుక బట్టీలు ఆ లాభాన్ని మింగేశాయి. 1985 నాటి జబ్బుకి ఇచ్చిన మందు ఆ జబ్బుకి పనిచేసింది. దాన్ని ఓటమి అంటే ఒప్పుకోను.

సున్నపువీధి
లాయర్లని మరీ ఆకాశానికి ఎత్తకండి. తాజ్ తీర్పులో చుట్టుపక్కల 292 ఫ్యాక్టరీలు బొగ్గు మానేసి గ్యాస్‌కి మారండి, లేదంటే ఊరు వదలండి అన్నారు. మంచిదే. అక్కడ బొగ్గు ఎత్తేవాళ్ళు, కొలిమి ఊదేవాళ్ళు ఏమయ్యారు? తాజ్‌మహల్ తెల్లగా ఉండాలని ఎవరింట్లో పొయ్యి ఆరింది? దాని గురించి ఎవరూ పాఠం పెట్టరు.

మూడో_కోర్టు_హాలు
@సున్నపువీధి తీర్పులో కార్మికుల సంగతి లేకపోలేదు. ఫ్యాక్టరీతో పాటు తరలివెళ్ళే కార్మికుడికి ఏడాది జీతం షిఫ్టింగ్ బోనస్‌గా ఇవ్వాలని ఉంది. తీర్పు తేదీ 1996 డిసెంబరు 30. జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ ఫైజానుద్దీన్ ఇచ్చారు.

సున్నపువీధి
కాగితం మీద ఉంది సార్. జీతం చీటీ, హాజరు పట్టీలో పేరు ఉన్నవాడికి వస్తుంది. రోజుకూలీకి హాజరు పట్టీ ఎక్కడిది? యజమాని "వీడు నా దగ్గర పనిచేయలేదు" అంటే అయిపోయింది. మా నాన్న కార్మిక సంఘంలో పనిచేసిన మనిషి, ఏ ఫ్యాక్టరీ మూతపడ్డా ఇదే కథ అనేవాడు. కాలుష్యం తగ్గించమని అడిగిన లాయరే ఆ కూలీ పేరు కూడా పిటిషన్లో పెట్టి ఉంటే ఎంత బాగుండేది అనేదే నా బాధ.

పద్మజ_డిగ్రీ_కాలేజీ
ఇది న్యాయమైన మాట. కాన్పూర్‌లో గంగలోకి మురుగు వదిలే తోళ్ళ ఫ్యాక్టరీల (టానరీల) కేసులో కూడా ఇదే వాదన వచ్చింది. 1987లో జస్టిస్ వెంకటరామయ్య గారు రాసినదాని సారం ఏంటంటే, కనీస వేతనం ఇవ్వలేని పరిశ్రమని ఎలా నడవనివ్వమో, మురుగుశుద్ధి ప్లాంటు పెట్టుకోలేని టానరీని కూడా అలాగే నడవనివ్వం అని. పోలిక బాగుంది. ఆ కనీస వేతనమైనా టానరీ కూలీకి దక్కిందో లేదో వేరే సంగతి.

ఆక్వా_బాబాయ్
తాజ్ సంగతి తర్వాత, మా సంగతి చెప్తా వినండి. 1996 డిసెంబరు 11. రొయ్యల చెరువుల తీర్పు. కేసు వేసింది తమిళనాడు గాంధేయవాది జగన్నాథన్ గారు, వాదించింది ఇదే మెహతా గారు. సముద్రతీర నియంత్రణ ప్రాంతంలో సంప్రదాయ పద్ధతివి తప్ప మిగతా రొయ్యల చెరువులన్నీ 1997 మార్చి 31 లోపు పగలగొట్టాలి, పులికాట్ సరస్సుకి 1000 మీటర్ల లోపు ఒక్కటి కూడా ఉండకూడదు అని. అప్పటి మా నెల్లూరు జిల్లా నేలపట్టు పక్షుల అభయారణ్యం పేరు కూడా ఉంది అందులో. మా ఊళ్ళో అప్పటికే ఎకరాకి అప్పు తెచ్చి మోటార్లు, ఏరేటర్లు పెట్టినవాళ్ళు ఉన్నారు. ఢిల్లీలో కూర్చుని మా చెరువుల గట్లు తెంపమంటే మండదా?

కడలి_అమ్మాయి
బాబాయ్, మీ గట్టుకి ఇవతలివైపు మేమున్నాం. చెరువుల్లోకి ఉప్పునీళ్ళు తోడి తోడి మా పల్లె మంచినీళ్ళ బావి ఉప్పయిపోయింది. మా అమ్మ బిందె పట్టుకుని పక్క ఊరికి నడిచేది. సముద్రానికి పోయే దారిలో కంచె వేశారు, వల భుజాన వేసుకుని చుట్టు తిరిగి పోవాల్సి వచ్చేది. ఢిల్లీలో ఆయన నోరు విప్పకపోతే మా మాట ఎవరు వినేవాళ్ళు? కలెక్టరాఫీసులో అర్జీ ఇస్తే పెట్టెలో వేయమనేవాళ్ళు, అంతే.

ఆక్వా_బాబాయ్
అమ్మాయ్, నీ బాధ కాదనను. కానీ ఆ తీర్పు ఎన్నాళ్ళు నిలిచింది? రివ్యూ పిటిషన్లు పడ్డాయి, అమలు ఆగింది. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి దారి మళ్ళించేసింది. కోర్టులో గెలిస్తే సరిపోదనేదానికి ఇంతకంటే ఏం కావాలి?

కొత్తకోటు
అదే కదా నేనడిగింది బాబాయ్! గెలిచిన తీర్పుని చట్టంతో కొట్టేస్తే ఆ లాయరు పదేళ్ళ చాకిరీ ఏమైనట్టు?

కడలి_అమ్మాయి
ఊరికే పోలేదు. ఇప్పుడు చెరువు తవ్వాలంటే రిజిస్ట్రేషన్ కావాలి. సముద్రపు పోటు వచ్చే గీతకి ఇంత దూరం ఉండాలని నిబంధన ఉంది. ముందు ఆ మాత్రం కూడా లేదు. ఆ తీర్పు భయం లేకపోతే ఆ చట్టమే వచ్చేది కాదు. చట్టం మాకు నచ్చలేదు, అది వేరే గొడవ.

కొల్లేటి_కొంగ
తీరం గురించి అంటున్నారు కాబట్టి మా కొల్లేరు కూడా. 1999లో జీవో 120తో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. చేపల చెరువులు మాత్రం వెలుస్తూనే ఉన్నాయి. 2006లో పొక్లెయిన్లు తెచ్చి గట్లు తెంపారు. మా మామయ్య చెరువూ పోయింది, మూడేళ్ళు మాతో మాట్లాడలేదు (నేను కొంగల పక్షమని). ఇప్పుడు చూస్తే గట్లు మళ్ళీ లేచాయి. ఎవరు పగలగొట్టినా మళ్ళీ లేస్తాయి, కాపలా ఉండేవాడు లేకపోతే.

మోడరేటర్
కొల్లేరు మీద విడిగా చర్చ ఉంది, గట్ల గొడవ అక్కడ చూసుకోండి. ఇక్కడ మెహతా గారి పని, లాయరు పని గురించి.

వైజాగ్_అల
నేను లాయర్ని కాదు, మా వైపు నుంచి ఒక్క ముక్క. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైంది. 12 మంది పోయారు. మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ (పర్యావరణ కేసుల కోర్టు) తనంతట తానే కేసు తీసుకుని 50 కోట్లు డిపాజిట్ చేయమంది. ఆ రోజు టీవీలో లాయర్లందరూ "మెహతా కేసు, మెహతా కేసు" అంటుంటే ఏంటా అనుకున్నా. ఎవరైనా మామూలు మనిషికి అర్థమయ్యేలా చెప్తారా?

మూడో_కోర్టు_హాలు
వచ్చాను. @వైజాగ్_అల నీదే ముందు చెప్తాను, @కొత్తకోటు ప్రశ్నకి కూడా సమాధానం ఇందులోనే ఉంది.

ఢిల్లీ నడిమధ్యలో శ్రీరామ్ కంపెనీ వాళ్ళ ఎరువులు, రసాయనాల ఫ్యాక్టరీ ఉండేది. జనం మధ్య ఇది ప్రమాదం, తరలించండి అని మెహతా గారు పిటిషన్ వేశారు. అది ఇంకా నడుస్తుండగానే, భోపాల్ జరిగిన ఏడాదికి, 1985 డిసెంబరు 4న అదే ఫ్యాక్టరీలో ఓలియం గ్యాస్ లీకైంది. తీస్ హజారీ కోర్టులో ప్రాక్టీసు చేసే లాయరు ఒకాయన చనిపోయారు. అంటే మెహతా గారు ముందే హెచ్చరించిన ప్రమాదం కళ్ళ ముందు జరిగింది.

అప్పటిదాకా మన కోర్టులు 1868 నాటి ఇంగ్లండు సూత్రం వాడేవి. నీ స్థలంలో ప్రమాదకరమైనది పెట్టుకుంటే, అది బయటపడి నష్టం చేస్తే నీదే బాధ్యత. కానీ దానికి తప్పించుకునే కిటికీలు చాలా. భూకంపం వచ్చిందండి, ఎవడో బయటివాడు చేశాడండి, బాధితుడే ఒప్పుకున్నాడండి. 1986లో సుప్రీంకోర్టులో జస్టిస్ భగవతి ఆ కిటికీలన్నీ మూసేశారు. ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాడికి ఏ సాకూ చెల్లదు, జాగ్రత్తలు తీసుకున్నానన్నా చెల్లదు, కంపెనీ ఎంత పెద్దదైతే పరిహారం అంత ఎక్కువ. దీన్నే సంపూర్ణ బాధ్యత అంటారు. విశాఖలో ట్రిబ్యునల్ మొదటి ఉత్తర్వులో పాత సూత్రం పేరు రాస్తే లాయర్లు గోల చేసింది అందుకే.

ఇప్పుడు చేదు ముక్క. అంత గొప్ప సూత్రం చెప్పిన అదే తీర్పులో బాధితులకి రూపాయి లెక్క కట్టలేదు. మీమీ కోర్టుల్లో దావాలు వేసుకోండి అని పంపేశారు. భోపాల్ కూడా 1989లో 47 కోట్ల డాలర్లకి సెటిల్ అయిపోయింది, ఈ సూత్రం మీద అక్కడ తుది తీర్పే రాలేదు. కాబట్టి ఆ రోజు ఎవరైనా "మెహతా ఏం సాధించాడు" అంటే సమాధానం ఉండేది కాదు.

పదేళ్ళ తర్వాత 1996 ఫిబ్రవరిలో రాజస్థాన్ బిఛ్రీ కేసు. రసాయన ఫ్యాక్టరీలు వ్యర్థాలు పారబోస్తే బావుల్లో నీళ్ళు ముదురు ఎరుపు రంగుకి తిరిగాయి. కేసు మెహతా గారి పేరు మీద కాదు, ఓ పర్యావరణ సంస్థ పేరు మీద నడిచింది. ఆయన గెలిచిన సూత్రాన్ని పట్టుకుని, శుభ్రం చేసే ఖర్చంతా మీదే అని కంపెనీల మెడ మీద పెట్టింది మన తెలుగాయన, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. కంపెనీ ఊరుకుందా? పిటిషన్ మీద పిటిషన్ వేసి పదిహేనేళ్ళు లాగింది. 2011లో సుప్రీంకోర్టు 37.385 కోట్లు, 1997 నుంచి 12 శాతం చక్రవడ్డీతో కట్టమంది. ఆ చక్రవడ్డీ చూడు తమ్ముడూ. లాగినకొద్దీ లాభం అనుకునేవాడికి తగిన శాస్తి అది.

కొత్తకోటు
చక్రవడ్డీ భలే ఉంది. కానీ సార్, 1985 నుంచి 2011. అన్నేళ్ళు!

మూడో_కోర్టు_హాలు
అవును. తాజ్ 12 ఏళ్ళు. బస్సులు 17 ఏళ్ళు. నువ్వు తీర్పులు చదివి ఇదంతా రెండు మూడు పెద్ద వాదనల ఆట అనుకుంటున్నావు. ఆయన చేసింది అసలు వేరే పని. కేసు మూయనివ్వకపోవడం. తీర్పు చెప్పేసి ఫైలు కట్టేయకుండా, ఇన్ని వారాలకోసారి వచ్చి ఎంతవరకు చేశారో చెప్పండి అని బెంచి అడుగుతూ ఉంటుంది చూడు, కంటిన్యూయింగ్ మాండమస్, దాన్ని నిలబెట్టింది ఇలాంటి కేసులే. ఒక దశలో సుప్రీంకోర్టులో శుక్రవారం శుక్రవారం ఆయన కేసుల కోసమే ఒక హాలు పెట్టేవారు. ప్రతి శుక్రవారం అంటే ఏంటో ప్రాక్టీసు చేసేవాళ్ళకి తెలుస్తుంది. అవతల పక్క పది మంది సీనియర్లు, వాళ్ళ వెనక ఫ్యాక్టరీకో అఫిడవిట్. ప్లాంటు పెట్టేశామండి అని ఒకడు, మిషను ఆర్డరిచ్చామండి అని ఒకడు, మాది అసలు కాలుష్యమే కాదండి అని ఒకడు. ఇవన్నీ చదవాలి. ఏది అబద్ధమో పట్టుకోవాలి. దానికి ఫీజు ఇచ్చే క్లయింట్ లేడు. ఒక్క శుక్రవారం నువ్వు రాకపోతే గడువు ఆరు నెలలు పెరుగుతుంది.

సున్నపువీధి
ఇది మాత్రం ఒప్పుకుంటా. సంఘం పని కూడా ఇంతే. సమ్మె రోజు అందరూ ఉంటారు, ఒప్పందం అమలు చేయించే రోజు ఒక్కడే ఉంటాడు.

రామారావు_రిటైర్డ్
ప్రభుత్వంలో పనిచేసి వచ్చినవాణ్ణి, ఇంకోవైపు నుంచి చెప్తా. మురుగుశుద్ధి ప్లాంటు ఎక్కడ కట్టాలి, బస్సు ఏ ఇంధనంతో నడవాలి, ఇవన్నీ జడ్జీలు తేల్చేవి కాదు. కోర్టు ఆదేశం వచ్చిందంటే బడ్జెట్‌లో లేని డబ్బు పుట్టించాలి, హడావుడిగా ఏదో కట్టాలి. కరెంటు బిల్లుకి డబ్బు లేక ఆ ప్లాంటు మూలపడుతుంది. గంగ మీద ప్లాంట్లు చాలా చోట్ల అలాగే తయారయ్యాయి. గంగ మారకపోవడానికి కారణం మెహతా గారు కాదు, మునిసిపాలిటీల దగ్గర నడిపే స్తోమత లేకపోవడం.

కెమిస్ట్రీ_మాస్టారు
@రామారావు_రిటైర్డ్ సగం ఒప్పుకుంటాను. గంగలో కలిసేదాంట్లో ఎక్కువ భాగం ఊళ్ళ మురుగే, ఫ్యాక్టరీలది తక్కువ. కాకపోతే ఫ్యాక్టరీ నీళ్ళలో క్రోమియం లాంటివి ఉంటాయి, అవి కుళ్ళి పోయేవి కావు. ఫ్యాక్టరీకి తాళం వేయొచ్చు. ఊరికి తాళం వేయలేరు కదా. 1988లో కాన్పూరు మునిసిపాలిటీని కూడా కోర్టు వదల్లేదు, పశువుల కొట్టాలు తరలించండి, మురుగు కాలువలు వేయండి అంది. ఏ ఫ్యాక్టరీ మూతైనా చేయించొచ్చు గానీ మునిసిపాలిటీతో డ్రైనేజీ వేయించడం ఏ కోర్టు తరమూ కాదేమో.

బ్యాక్‌లాగ్_బాబు
మా వీధి డ్రైనేజీ కోసం అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్దామనుకుంటున్నాం.

రామారావు_రిటైర్డ్
వెళ్ళు నాయనా, టెండర్ మాత్రం మళ్ళీ మా ఆఫీసుకే వస్తుంది.

గండిపేట_గాలి
హైదరాబాద్‌ల ఉన్నోళ్ళు ఇంకోటి యాదుంచుకోవాలె. గండిపేట, హిమాయత్ సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల దాక కాలుష్య పరిశ్రమలు వద్దని 1996ల జీవో 111 తెచ్చిన్రు, 84 ఊర్లు. ఓ నూనెల కంపెనీ ఆ హద్దు లోపలనే పెట్టుకుంట అన్నది, సర్కారే మినహాయింపు ఇచ్చింది. సుప్రీంకోర్టుల జస్టిస్ జగన్నాథరావు సార్ 1999ల ఏమన్నరంటే, నష్టం జరుగుతదని జనం రుజువు చేసుడు కాదు, జరగదని కంపెనీ రుజువు చెయ్యాలె అని. పర్యావరణ కేసులకు సైన్సు తెల్సినోళ్ళతోటి కోర్టులు ఉండాలె అని కూడ ఆయన్నే చెప్పిండు. 2010ల హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చుడు వెనక గీ మాటలు గూడ ఉన్నయ్. మల్ల 2022ల సర్కారు జీవో 69 ఇచ్చి ఆ ఆంక్షలు ఎత్తేసింది. నీల్లు తాగుడు మాత్రం ఆపలె మేము.

బోరుబావి
నేను ఇన్ని కేసులు సదవలె. మా ఊరి ముచ్చట చెప్త, లాయర్లు జెర దారి చూపుండ్రి. మా ఊరికి ఎగువన ఓ మందుల ఫ్యాక్టరీ ఉంది, పేరు రాయ. ఎండకాలం అంత మంచిగనే ఉంటది. పెద్ద వాన పడ్డ రాత్రి వాగులకు ఇడుస్తరు. పొద్దుగాల లేసి చూస్తె వాగు మీద తెల్ల నురుగు, ముక్కు పగిలే వాసన. తనిఖీ సారు వచ్చే వరకు వాగు మల్ల సాఫ్. మా బోరు నీల్లు గిన్నెల పోసి పెడితె తెల్లారెటాల్లకు పైన రంగురంగుల తెట్టు కడ్తది. బర్రెలు గూడ మూతి పెట్టవు. నేను కూల్‌డ్రింక్ సీసల నీల్లు పట్టుకపోయి ఆఫీసుల ఇస్తె "గిది చెల్లదు" అని టేబుల్ మీదికెల్లి జరిపిండ్రు. ఎందుకు చెల్లదు? నీల్లు నీల్లే కదా?

కెమిస్ట్రీ_మాస్టారు
తమ్ముడూ, సీసాలో అంతకుముందు ఉన్న డ్రింకు తాలూకు చక్కెర, యాసిడ్ ఉంటే ల్యాబ్ లెక్క మొత్తం తప్పుతుంది. ఇక నుంచి నురుగు కనపడ్డప్పుడల్లా తేదీ, టైము రాసిపెట్టు. ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి వీడియో తియ్యి. గొట్టం ఎక్కడుందో, వాగు ఎక్కడుందో రెండూ ఒకే ఫ్రేములో పడాలి.

మూడో_కోర్టు_హాలు
@బోరుబావి నీ సీసా చెల్లకపోవడానికి కారణం జలకాలుష్య చట్టం 21వ సెక్షన్. కంపెనీ మీద క్రిమినల్ కేసు నిలవాలంటే శాంపిల్ కాలుష్య నియంత్రణ బోర్డు అధికారే తీయాలి, కంపెనీ మనిషికి అక్కడే నోటీసు ఇవ్వాలి, అతని ముందు రెండు భాగాలు చేసి సీలు వేసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇందులో ఒక్కటి తప్పినా కంపెనీ లాయరు ఆ రిపోర్టుని సాక్ష్యం కాకుండా చేస్తాడు. పెద్ద పెద్ద కేసులు ఇలాంటి సీలు దగ్గరే పోతాయి.

కానీ నీకు క్రిమినల్ కేసుతో పనిలేదు. హరిత ట్రిబ్యునల్‌కి వెళ్ళు. మనకి చెన్నై బెంచి. అక్కడ నీ వీడియోలు, డైరీ, బోర్డుకి ఇచ్చిన ఫిర్యాదు రసీదులు చూసి, ప్రాథమికంగా విషయం ఉందనిపిస్తే జాయింట్ కమిటీ వేసి రిపోర్టు అడుగుతారు. శాంపిల్ తీసేది వాళ్ళు.

బోరుబావి
చెన్నై దాకనా సారు? ఖర్చెంత?

మూడో_కోర్టు_హాలు
పరిహారం అడక్కపోతే ఫీజు 1000 రూపాయలు. పరిహారం అడిగితే అడిగిన మొత్తంలో ఒక శాతం. ఆన్‌లైన్లో వేయొచ్చు, లాయరు లేకుండా నువ్వే వాదించుకోవచ్చు. కానీ ఒంటరిగా వేయకు. ఊరివాళ్ళు నలుగురైదుగురు పేర్లు కలపండి, ఒకణ్ణి లొంగదీసుకోవడం తేలిక.

కడలి_అమ్మాయి
నలుగురైదుగురిలో ఇద్దరు ఆడవాళ్ళని పెట్టండి. మా ఊళ్ళో మగాళ్ళకి ఫ్యాక్టరీలో ఉద్యోగం చూపించి చల్లార్చేశారు. నీళ్ళు మోసేది వాళ్ళు కాదు కదా.

ఆక్వా_బాబాయ్
ఇదిగో అమ్మాయ్, ఈ మాట మాత్రం నిజం.

సున్నపువీధి
@బోరుబావి ఆ ఫ్యాక్టరీలో మీ ఊరి కూలీలు ఎంతమంది ఉన్నారో ముందు లెక్క తీయి. మూసేయమని అడగకు, శుద్ధి చేసి వదలమని అడుగు. లేకపోతే మీ ఊరే రెండుగా చీలుతుంది.

బోరుబావి
ముప్పై మంది దాక పోతరు అన్నా, మా తమ్ముడు గూడ. మూసుడు మాకు వద్దు.

కొత్తకోటు
@బోరుబావి అన్నా, పిటిషన్ డ్రాఫ్టు నేను రాస్తాను. ఫీజు వద్దు. మూడో కోర్టు సార్ ఒకసారి చూసి సరిదిద్దుతారా? మా సీనియర్‌కి చెప్పదలచుకోలేదు.

మూడో_కోర్టు_హాలు
చూస్తాను. సీనియర్‌కి చెప్పు, దాచకు. ఆయన నవ్వినా సరే, లైబ్రరీ ఆయనది. ముందుగా గడువు సంగతి చూడు. హరిత ట్రిబ్యునల్ చట్టం 14వ సెక్షన్ కింద అయితే కేసుకి కారణం మొదటిసారి పుట్టిన రోజు నుంచి ఆరు నెలలు, తగిన కారణం ఉంటే ఇంకో 60 రోజులు, అంతకు మించి ట్రిబ్యునల్‌కి అధికారమే లేదు. నష్టపరిహారం, నేల నీళ్ళు బాగు చేయించడం అడిగితే 15వ సెక్షన్, అక్కడ ఐదేళ్ళు. ఏళ్ళుగా జరుగుతున్నదంటే 15 కింద కూడా వేయి. మొదటి ఫిర్యాదు తేదీ కనుక్కో.

బోరుబావి
మొన్న పోయిన ఏడు దసరా ముంగట ఇచ్చినం సారు. రసీదు మా వదిన దగ్గర ఉంది. ఇంకో మాట, గా కంపెనీ ఇప్పుడు ఇంకో బ్లాకు కడ్తదట, దానికి పర్మిషన్ అచ్చిందని పేపర్ల ఏసిన్రు.

మూడో_కోర్టు_హాలు
ఎప్పుడు వేశారు? అది పర్యావరణ అనుమతి అయితే దాని మీద అప్పీలుకి 30 రోజులే, ఆలస్యానికి కారణం చూపిస్తే మరో 60. ఆ పేపర్ ఫోటో ఇప్పుడే పెట్టు. @కొత్తకోటు నువ్వు మంత్రిత్వశాఖ పరివేశ్ వెబ్‌సైట్లో ఆ ఉత్తర్వు దింపి తేదీ చూడు, మిగతా డ్రాఫ్టు తర్వాత.

కొత్తకోటు
చూస్తున్నా సార్. సైటు తెరుచుకోవట్లేదు, మళ్ళీ ప్రయత్నిస్తున్నా.